ఐదు కిలోలని రాసిన మిషను

అక్క రాసిన కార్డు శనివారం మధ్యాహ్నం వచ్చింది. మొత్తం నాలుగు వాక్యాలు. మిషను ఇంటికి వచ్చి వారమైందట, బావ తూచి చూసేదాకా ఎవరూ ముట్టకూడదట. ఆదివారం బావ ఐదు కిలోల బట్టలు తూచి, వేసి చూస్తానంటున్నాడట. మంగళవారంతో గడువు అయిపోతుందట, అంగడి మనిషి వస్తాడట. నువ్వు వస్తే బాగుంటుంది అని చివర.

అక్క చేతిరాత గుండ్రంగా, ఒక్క గీత అటూ ఇటూ పోకుండా ఉంటుంది. ఈ కార్డులో అక్షరాలు ఒకదాని మీదికి ఒకటి ఒరిగి ఉన్నాయి. బొటనవేలికి గుడ్డ చుట్టుకుని రాసి ఉంటుంది. రెండుసార్లు చదివాను. పొయ్యి మీద పాలు పెట్టి మూడోసారి చదువుతుంటే పాలు పొంగిపోయాయి.

ఎమ్మిగనూరులో మా సుగుణమ్మక్క చేతులు పాడై అప్పటికి మూడు నెలలు. వాళ్ళ మామ తిక్కయ్య పక్షవాతం వచ్చి మంచం పట్టాడు. రోజుకు మూడు దుప్పట్లు, ఒక్కో రోజు నాలుగు, తడిసిపోతాయి. ఆ ఇంట్లో దుప్పట్లంటే ఆ ఊరి మగ్గాల మీద నేసినవే. మనిషిని పడుకోబెట్టి నలుగురు నాలుగు మూలలా పట్టుకుని మోసినా చిరగవు. బట్టలుతికే మారెమ్మ కూతురి కాన్పుకని తుగ్గలి పోయి అక్కడే ఉండిపోయింది. ఇంక మిగిలింది అక్క. వేడినీళ్ళు, చాకలిసోడా, బండ. వేళ్ళ సందుల్లో తోలు ఊడి పగుళ్ళు పడ్డాయి, ఆ పగుళ్ళలోకి మళ్ళీ సోడా. ఆదోనికి పిలిపించి మా డాక్టరుకు చూపించాను. ఈ చేతులు నీళ్ళలో పెట్టడం ఇప్పుడే మానకపోతే రేపు వేళ్ళు ముడవడం కూడా కష్టమవుతుందన్నాడు. అక్క తలూపింది. సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయి, ఇల్లు చేరగానే దుప్పట్లు నానబెట్టింది.

బట్టలుతికే మిషను మాట ఎత్తింది నేనే. అది ఎనభై ఏడో సంవత్సరం. ఆదోని బజారులో రేడియోలు అమ్మే అంగడికి అలాంటివి రెండు వచ్చాయి. ఒక తొట్టిలో ఉతుకుతుంది, పక్క తొట్టిలో తిప్పి నీళ్ళు పిండుతుంది. పదిరోజులు ఇంట్లో పెట్టుకుని వాడి చూడవచ్చు. నచ్చితే ఉంచుకోవడం, లేకపోతే వాళ్ళ మనిషే వచ్చి తీసుకుపోతాడు. ఆ షరతు చూసే ధైర్యం చేసి మా బావ నరసన్నకు చెప్పాను. ఆయన జిన్నింగు మిల్లులో కాటా దగ్గర పని చేస్తాడు. పాతికేళ్ళుగా పత్తి తూచి తూచి, ఏ వస్తువును చూసినా ముందు దాని బరువు అడుగుతాడు.

"ఎంత ఏసుకుంటాది?" అన్నాడు.

"ఐదు కిలోలు బావా," అన్నాను.

మిషను ముందు వైపు అలా రాసి అతికించి ఉంది, అందుకని అన్నాను. రేషను చక్కెరను ఇంటికి తెచ్చాక మళ్ళీ తూచుకునేదాన్ని, పాలవాడి లీటరును మా ఇంటి చెంబుతో కొలిచి చూసేదాన్ని, కర్నూలులో మూడేళ్ళు ఫిజిక్సు చదివినదాన్ని, ఒక కాగితం ముక్కను చూసి నోరు జారాను. ఏ బట్ట, తడిదా పొడిదా, ఎవరు వేసి చూశారు అని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. బావ ఆ మాటను మిల్లంతా చెప్పుకున్నాడని తర్వాత తెలిసింది.

ఆదివారం పొద్దున పిల్లలిద్దరినీ పక్కింట్లో అప్పగించి, పాత పేపర్లు అమ్మేటప్పుడు వాడే స్ప్రింగు త్రాసును సంచిలో వేసుకుని బస్టాండుకు వెళ్ళాను. ఏడింటి బస్సు రాలేదు. ఏడున్నరదీ రాలేదు. కూర్చోలేక బెంచీల చుట్టూ తిరిగాను. బావ ఈపాటికి తూచడం మొదలుపెట్టి ఉంటాడు. ఎనిమిదింటికి వచ్చిన బస్సు ప్రతి ఊళ్ళోనూ ఆగింది. ఊరు లేని చోట కూడా ఆగింది.

నేను వెళ్ళేసరికి పెరట్లో కాటా వేలాడుతోంది. దూలానికి తాడు కట్టి, ఒక పళ్ళెంలో కిలో రాళ్ళు, ఇంకో పళ్ళెంలో దుప్పట్లు. తెల్లటి మిషను స్నానాల గది గోడవారన, పెళ్ళికి వచ్చి ఎవరూ పలకరించని చుట్టంలాగా నిలబడి ఉంది. అక్క గడప మీద కూర్చుని ఉంది. రెండు చేతులకూ పసుపు రంగు మందు పూసి, గుడ్డలు చుట్టి, ఒళ్ళో పెట్టుకుంది. నన్ను చూసి నవ్వింది గానీ లేవలేదు.

"రా పాపా, టయానికి వచ్చినావు," అన్నాడు బావ. "ఇదో, నాలుగు దుప్పట్లు, ఒక లుంగీ, ఒక తువ్వాల. పొల్లు పోకుండా ఐదు. నీ ఐదు కిలోలు ఎట్ల పోతాయో నువ్వే సూడు."

"మొదట రెండు వేసి చూద్దాం బావా."

"రెండు ఏంటికి? ఐదని రాసినాడు కదా."

మూడు దుప్పట్లకే తొట్టి అంచు దాకా వచ్చింది. నాలుగోది పైన గోపురంలా నిలబడింది. బావ చొక్కా చేతులు పైకి మడిచి, రెండు పిడికిళ్ళతో అదమడం మొదలుపెట్టాడు. ఆ అదమడం నాకు తెలుసు. మా ప్రాంతంలో పత్తిని బోరేల్లో నింపే పద్ధతి అది. మనిషి ఎత్తు గోనెసంచిలో ఒకడు దిగి కాళ్ళతో తొక్కుతూ ఉంటే పైనుంచి ఇంకొకడు పత్తి వేస్తుంటాడు. నిండిందనుకున్న సంచిలో ఇంకో అంత పడుతుంది. ఎంత పట్టిందన్నది తొక్కేవాడి కాళ్ళను బట్టి ఉంటుంది.

"ఇంగా పడ్తాది," అన్నాడు. "మొదట ఏసేటప్పుడు అంతా నిండినట్టే ఉంటాది. తొక్కినాంక కదా తెలిసేది."

పిట్టగోడ అవతలి నుంచి ఫాతిమా బీ తల కనిపించింది. పక్కింటామె. దూది ఏకి పరుపులు, బొంతలు కుట్టే కుటుంబం. ఆమె జుట్టులో ఎప్పుడూ దూది పోగులుంటాయి.

"నరసన్నా, కాళ్ళు పెట్టి తొక్కరాదా. సేతులు ఏంటికి నొప్పి సేసుకుంటావు?"

"మనిషి పట్టేట్టుంటే దిగేవాణ్ణే ఫాతిమక్కా!"

ఆరు బకెట్ల నీళ్ళు పట్టాల్సిన తొట్టిలో మూడు బకెట్లకే నీళ్ళు పొర్లాయి. బావ మీట తిప్పాడు. మిషను ముక్కింది. అడుగున ఉన్న చక్రం ఒకసారి కదిలి ఆగింది. మళ్ళీ ముక్కింది. పైనున్న దుప్పటి జానెడు కూడా కదల్లేదు. రబ్బరు కాలిన వాసన వచ్చేసరికి నేను పరుగెత్తి ప్లగ్గు లాగేశాను.

 బావ తొట్టిలో చేయి పెట్టి ఒక దుప్పటి పట్టి లాగాడు. దానితో పాటు ఇంకొకటి మోకులా పెనవేసుకుని వచ్చింది. రెండూ సగం లేచి ఆయన్ని ముందుకు గుంజాయి.

"అబ్బ! ఇది దుప్పటా, ఎద్దు తోలా!" నడుం పట్టుకున్నాడు.

విడదీసి ఒకదాన్ని నా త్రాసుకు తగిలించాను. పొడిగా ఉన్నప్పుడు కిలో నూరు గ్రాములు. ఇప్పుడు మూడు కిలోల ముప్పావు. పైకి చదివాను.

"అంతేనా?" అంది అక్క గడప మీద నుంచి.

బావకు మాత్రం ఆ అంకెతో ఏదో దొరికినట్టయింది. "ఓహో, అదీ సంగతి! కంపెనీవోడు తడిపి తూచినాడు. పత్తికి నీళ్ళు సల్లుకోని కాటాకు తెస్తారు సూడు కొందరు, అట్ల. ఐదు కిలోలంటే తడిబట్ట ఐదు. అంటే దుప్పటి ఒకటింబావు. దానికి ఇంత పెట్టె!"

"కాదు బావా. పొడిబట్ట లెక్కే. ఇదిగో, మిషనుతో పాటు ఇచ్చిన ఈ కాగితంలో రాసి ఉంది."

"పొడిబట్టేనా? అట్లయితే ఇంగా మోసం." ఆయన కోపం నా మీద కాదని చెప్పాలన్నట్టు గొంతు తగ్గించాడు. కానీ చెప్పింది చెప్పాడు. "పాపా, నీ మాట మీద తెచ్చినా. నీ మాట మీదే తేలాల. మంగళారం అంగడి మున్వరు వస్తాడు. ఐదు ఏసుకుంటాదని నువ్వు సెప్తే ఉంచుతా. లేదంటే బండి ఎక్కిస్తా. తక్కువ తూకం సరుకు నా ఇంట్లో పెట్టుకున్యానంటే రేపు కాటా కాడ నన్ను సూసి నవ్వుతారు."

నేను అక్క వైపు చూశాను. ఆమె ఆ నాలుగు తడి దుప్పట్ల వైపు చూస్తోంది. అవి ఇంకా ఉతకలేదు.

ఆ పూట వాటిని నేను ఉతికాను, బండ మీద. రెండోదానికే మణికట్లు పోయాయి. అక్క పక్కన నిలబడి, "అట్ల కాదు, అంచు పట్టి తిప్పు," అని చెబుతూ మధ్యలో గుడ్డ చుట్టిన చెయ్యి ముందుకు చాచింది. నేను పక్కకు తోశాను. మళ్ళీ చాచింది.

ఆ ఏడాది మాకు పొద్దున పదింటికి కరెంటు పోతే సాయంత్రం నాలుగుకు గానీ వచ్చేది కాదు. సోమవారం ఆరింటికే లేచి నోటుపుస్తకం, వాచీ, త్రాసు పెట్టుకుని మిషను ముందు కూర్చున్నాను. బావ మిల్లుకు పోయాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఒక దుప్పటి వేశాను, తిరిగింది. రెండు వేశాను, తిరిగాయి. మూడు వేశాను, తిరిగినట్టే ఉంది. తిరిగినట్టే ఉండటమంటే ఏమిటి? లోపల నడిమధ్య ఉన్న బట్ట కదులుతోందో, పైన ఉన్నది మాత్రమే ఊగుతోందో సబ్బు నురుగులో కనిపించదు. తీసి చూస్తే మరకలు పోయాయి. నాలుగింటికి పోతాయా? అటూ ఇటూ నడిచాను. ఏడున్నర. ఎనిమిది. మూత తీయడం, వేయడం.

"ఏం పాపా, దానికి జొరమొచ్చిందా, మాటిమాటికి మూత తీసి సూస్తాండావు?" ఫాతిమా బీ గోడ పక్కగా ఉన్న సందులోంచి లోపలికి వచ్చింది.

"ఐదు కిలోలు పడతాయని రాశారు పిన్నీ. ఎంత పడతాయో తెలియడం లేదు."

ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని మిషనును పైనుంచి కిందికి చూసింది. "కిలో అంటే ఏ కిలో? ఏకని దూది కిలో తెస్తే నా ఒళ్ళో పడ్తాది. ఏకినాంక అదే కిలో ఈ రూము పట్టదు. తూకం అదే కదా?"

"అదే."

"మరి? పరుపు నింపేటప్పుడు నేను తూకం సూడను. సెయ్యి దూర్చి సూస్తా. లోపల సెయ్యి ఆడాల. ఆడకుంటే అది పరుపు కాదు, బండ. నీ పెట్టెలో బట్ట ఆడాల్నా వద్దా?"

"ఆడాలి."

"ఆడతాందో లేదో సూడు. రాళ్ళతో ఏం పని?"

చెప్పేసి, మా అక్క చేతుల గుడ్డలు విప్పి చూసి, "మందు పూసి మళ్ళీ నీళ్ళల్లో పెట్టినావు కదే, నీ ముకానికి మందు ఏంటికి?" అని తిట్టి వెళ్ళిపోయింది.

బట్ట ఆడుతోందో లేదో. పాత రవిక అంచు నుంచి ఎర్ర పేలిక ఒకటి చించాను. ఒక దుప్పటి మూలకు ముడేసి, ఆ దుప్పటిని అన్నిటికన్నా అడుగున వేశాను. ఎర్రది ఎన్నిసార్లు పైకి వస్తే అన్నిసార్లు లోపలి బట్ట బయటికి, బయటిది లోపలికి తిరిగినట్టు. వాచీ చూస్తూ ఆరు నిమిషాలు లెక్కపెట్టాను. రెండు దుప్పట్లకు ఎర్ర పేలిక ఇరవై రెండు సార్లు తేలింది. మూడింటికి తొమ్మిది సార్లు. మూడు దుప్పట్లతో లుంగీ కలిపితే ఐదు. తువ్వాలు కూడా వేస్తే రెండే, అప్పుడు నడిమి దుప్పటి మీది మరక అలాగే ఉంది. నాలుగు దుప్పట్లు వేస్తే, అదమకుండా మెల్లగా వేసినా సరే, ఎర్రది అసలు పైకి రాలేదు. నిమిషానికే వాసన మొదలైంది. ఆపేశాను.

అప్పటికి పదికి రెండు నిమిషాలు. చీర మోకాళ్ళ దాకా తడిసింది. పుస్తకంలో రాసుకున్నాను: మూడు దుప్పట్లు. మూడు కిలోల మూడు వందలు. దాని మీద గీత గీశాను. ఆ అంకెలో నాకు అనుమానం లేదు. అనుమానం లేకపోవడమే ఇబ్బంది అయింది. పొద్దంతా ఒక పని చేయబోయి ఇంకో పని చేశాను. పప్పులో రెండుసార్లు ఉప్పు వేశాను. ఆదోనిలో పిల్లలు ఏం తిన్నారో అనుకుంటూ వాకిట్లోకి పోయి, ఎందుకు వచ్చానో మరిచిపోయి లోపలికి వచ్చాను.

సాయంత్రం అక్క మామకు గంజి తాగించి వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఎంత తేలింది?"

చెప్పాను.

కాసేపు గుడ్డ కొసలు సర్దుకుంది. "ఐదనేసెయ్ పాపా. ఏం పోతాది?"

అక్క నన్ను ఏదైనా అడగడం నాకు గుర్తులేదు. నా పెళ్ళప్పుడు తన చెవి కమ్మలు తీసి ఇచ్చిన మనిషి, వద్దంటే నా చేతిలో పెట్టి పిడికిలి మూసిన మనిషి.

"ఐదంటే బావ నిజంగానే ఐదు వేస్తాడు అక్కా. నలుగురినీ పిలిచి చూపిస్తాడు. నెలలోపల మోటారు కాలిపోతుంది. అప్పుడు మిషనూ ఉండదు, వెనక్కు తీసుకునేవాళ్ళూ ఉండరు."

"నేనుండంగా ఆయప్పను దాని దగ్గరికి రానిస్తానా?"

"నిన్న రానిచ్చావు కదా."

 నేనన్నది నిజమే గానీ, అని ఉండకూడదు. లోపల తిక్కయ్య మామ మాట తడబడుతూ పిలిచాడు. పక్క తడిసిందని ఆ పిలుపును బట్టే తెలుస్తుంది. అక్క లేచింది. ఆ రోజుకు అది మూడో దుప్పటి.

మంగళవారం తొమ్మిదికి వ్యాను వచ్చింది. మున్వర్ దిగాడు. అంగడిలో మిషన్లు బిగించేదీ బాగుచేసేదీ అతనే. ముప్పై ఏళ్ళుంటాయి, చెవి మీద పెన్సిలు, చేతిలో రసీదు పుస్తకం. బావ మిల్లుకు పోకుండా పూట సెలవు పెట్టి, ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్నాడు.

జరిగింది విని మున్వర్ తల పట్టుకున్నాడు. "నాలుగు దుప్పట్లా? ఈ ఊరి దుప్పట్లు? యా అల్లా! అన్నా, కంపెనీవాళ్ళ ఐదు కిలోలంటే చొక్కాలు, జాకెట్లు, పిల్లల గుడ్డలు, అన్నీ కలిపి. దుప్పటి లెక్క వేరే."

"అది కాగితం మీద యాడ రాసినారు?"

"రాయలేదన్నా. నేను సెప్తాండా కదా."

"ఇంట్లో దింపినాంక సెప్తాండావు." బావ నా వైపు తిరిగాడు. "ఏం పాపా, తేల్చినావా?"

పుస్తకం తెరవాల్సిన అవసరం లేదు. అయినా తెరిచాను.

"మూడుంబావు బావా. అంతకు మించి ఉతకదు. మూడుంబావు మాత్రం బాగా ఉతుకుతుంది."

"ఐదు రాసి మూడుంబావు," అన్నాడు బావ, ఏదో చెడ్డ మాట పలికినట్టు. "మున్వరూ, ఎక్కించుకో."

అక్క నా వైపు చూడలేదు. లేచింది. బకెట్ తీసుకుని పెరటి నీళ్ళతొట్టి దగ్గరికి పోయి నీళ్ళు ముంచింది. నేను లేవబోతే, "నువ్వు కూర్చో," అంది. ఆరు బకెట్లు ఒకదాని వెనక ఒకటి పోసింది. మామ పక్క మీది దుప్పట్లు రెండు తెచ్చి కర్రతో లోపలికి తోసింది. సబ్బుపొడి వేసింది. మీట తిప్పింది. మిషను తిరగడం మొదలైంది. అక్క పీట లాక్కుని దాని ముందు కూర్చుంది.

"అక్కా, ఇప్పుడేంటికి?" అన్నాడు మున్వర్. "బండి నిలబడి ఉంది."

"దుప్పట్లు లోపలుండాయి. అయినాంక."

ఆరు నిమిషాలు అయింది. నీళ్ళు వదిలి, మంచి నీళ్ళు పోసి, మళ్ళీ తిప్పింది. అదీ అయింది. పిండే తొట్టిలో వేసి తీసింది. మున్వర్ ఒక అడుగు ముందుకు వేశాడు. అక్క మళ్ళీ నీళ్ళు పోయడం మొదలుపెట్టింది. ఈసారి కిటికీ తెర, లుంగీలు, బావ బనీన్లు. వీధిలో వ్యాను డ్రైవరు హారను కొట్టాడు. మున్వర్ మా ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు.

"అక్కా, ఆ పైపు కింద పెడితే నీళ్ళు పోతాయి. నాకు ఇంకా రెండు ఇళ్ళకు పోవాల."

అక్క పైపును తీసి మిషను మీది కొక్కేనికి తగిలించింది.

"సుగుణా," అన్నాడు బావ, "పక్కకు జరుగు."

"జరగను."

ఆ మాట ఆయనకు కొత్త. నాకూ కొత్తే. గోడ మీద ఫాతిమా బీ తల ఎప్పుడు వచ్చిందో గానీ ఉంది.

"ఐదు రాసి మూడు ఇస్తాండారు. మిల్లుకు అట్లాంటి సరుకు వస్తే ఏం సేస్తామో తెలుసునా? ఆ సంచిని వాకిలి దాటనియ్యం."

"మిల్లులో మోసేది హమాలీలు. ఈడ మోసేది నేను," అంది అక్క. గొంతు పెంచలేదు, మిషను చప్పుడులో మేము కొంచెం వంగి వినాల్సి వచ్చింది. "రోజుకు మూడు దుప్పట్లు. నాలుగయితే రెండు వాయిలు. నాకు సరిపోతాది. ఐదు ఎవురికి గావాల? మామకు గావాల్నా, నీకు గావాల్నా?"

"నాకు రాసిన మాట గావాల."

"రాసింది తప్పయితే రాసింది దిద్దుకో. మిషనేం సేసింది?"

"అట్ల సెప్పు!" అంది గోడ మీది నుంచి ఫాతిమా బీ.

"నువ్వు ఊరుకో ఫాతిమక్కా!"

బావ వాకిట్లోకి పోయాడు. తిరిగి వచ్చాడు. మిషను ముందు అతికించిన ఆ కాగితాన్ని వంగి చూశాడు, మొదటిసారి చూస్తున్నట్టు. వేలితో గీకాడు. అక్క చేతుల వైపు ఒకసారి చూశాడు. తడి గుడ్డలు మోచేతుల దాకా నీళ్ళు కారుస్తున్నాయి. మళ్ళీ వాకిట్లోకి పోయాడు. సైకిలు స్టాండు తీసిన చప్పుడు వినిపించింది.

"యాడికి పోయినాడు?" మున్వర్ అడిగాడు.

 తొమ్మిదీ నలభై. డ్రైవరు హారను కొట్టడం మాని, లోపలికి వచ్చి మంచినీళ్ళు అడిగి తాగాడు. అక్క బనీన్లు తీసి పిండే తొట్టిలో వేసింది. నేను ప్రతి నిమిషానికీ వాచీ చూస్తున్నాను. బావ మిల్లు నుంచి మనుషులను తెచ్చి మిషనును ఎత్తిస్తాడేమో అనిపించింది. అలా జరిగితే ఏం చెయ్యాలో ఆలోచించాను.  అక్క పీటను మిషనుకు ఇంకా దగ్గరగా జరుపుకుంది. ఆమెకూ అదే అనిపించిందేమో.

తొమ్మిదీ నలభై ఎనిమిదికి బావ ఒక్కడే వచ్చాడు. చేతిలో నల్ల రంగు డబ్బా, కుంచె. మిల్లులో పత్తి బేళ్ళ మీద బరువు రాసే రంగు అది. మిషను ముందు గొంతుక్కూర్చుని, గోరుతో గీకి ఆ కాగితాన్ని ఊడబెరికాడు. కుంచె ముంచాడు.

మున్వర్ ఎగిరినంత పని చేశాడు. "అన్నా అన్నా! రంగు పడితే మా సేటు వెనక్కు తీసుకోడు! తెలుసునా?"

"తీసుకోవద్దను," అన్నాడు బావ. తెల్లటి రేకు మీద జానెడు ఎత్తున మూడు అంకె వేశాడు, పక్కన కి.గ్రా. అని. బేలు మీద గోనెగుడ్డ రంగును పీల్చుకుంటుంది. రేకు పీల్చలేదు. మూడుకు కింద రెండు చుక్కలు కారాయి. తల పక్కకు వంచి చూసి, వేలితో ఒక చుక్క తుడిచాడు.

"మూడుంబావు బావా," అన్నాను. అనకుండా ఉండలేకపోయాను.

"పావు తరుగు కింద తీసేసినా."

మున్వర్ నవ్వు ఆపుకుంటూ చెవి మీది పెన్సిలు తీశాడు. "అట్లయితే ఉంచుకుంటాండారని రాసుకుంటా. సంతకం ఎవురు పెడతారు?"

"ఆయమ్మను అడుగు," అన్నాడు బావ.

అక్క సంతకం పెట్టలేకపోయింది, పెన్సిలు వేళ్ళలో నిలవలేదు. బొటనవేలి గుడ్డ తొలగించి, మూడు కింద కారిన నల్లరంగుకు అద్ది ముద్ర వేసింది. పదో తరగతి పాసైన మనిషి. మున్వర్ ముద్ర ఆరేదాకా పుస్తకాన్ని తెరిచి పట్టుకుని వ్యాను ఎక్కాడు.

లోపల నుంచి మామ పిలిచాడు. అక్క వెళ్ళి ఒక దుప్పటి తెచ్చింది. మూలన నిన్నటివి ఇంకో రెండు ఉన్నాయి.

"పది కాకముందు ఇంకో వాయి అవుతాదా పాపా?"

వాచీ చూశాను. "ఏడు నిమిషాలుంది. ఆలోపల రెండే అవుతాయి. రెండే వెయ్యి."

"మూడని రాసినాడు కదా," అంది అక్క. మూడూ వేసింది.